ఉత్తర మెట్ల గుడ్డ

మొంతెరాల్దోలో ఆఖరి ఆట ముగిసి, ఆటగాళ్ళు లోపలికి వెళ్ళిపోయిన తర్వాత కూడా ఉత్తరపు మెట్ల మీద కూర్చున్నవాళ్ళెవరూ కదలలేదు. జట్టు ఓడిపోయింది, అయితే వాళ్ళు కదలకపోవడానికి కారణం ఓటమి కాదు. బూట్ల ఫ్యాక్టరీ యజమాని, జట్టు అధ్యక్షుడు అయిన బ్రందొలేసి, పెద్ద లీగులో బాస్కెట్‌బాల్ ఆడే హక్కును మరెంజా నగరానికి అమ్మేశాడు. ఈ దేశంలో అలా అమ్ముకోవచ్చు. ఊరు అమ్ముడుపోదు, కొండ అమ్ముడుపోదు. ఆటగాళ్ళ ఒప్పందాలతో సహా ఆ హక్కు మాత్రం ఒక సంతకంతో కొండ దిగి సముద్రపు ఒడ్డుకు చేరిపోతుంది. వచ్చే ఏడు ఇదే జట్టు, ఇవే రంగులు మరెంజాలో ఉంటాయి. ఇక్కడ ఖాళీ స్టేడియం ఉంటుంది.

దెల్ఫీనా సాంతరెల్లి మెట్ల ముందున్న రెయిలింగు దగ్గర, కోర్టుకు వీపు పెట్టి నిలబడి ఉంది. ముప్పయ్యేళ్ళుగా ఆమె స్థానం అదే. వారమంతా మందుల షాపులో మెల్లగా మాట్లాడే ఈ మనిషి, ఆదివారం సాయంత్రం చెయ్యి ఎత్తితే ఉత్తర మెట్లన్నీ ఒక్క గొంతుతో పాడేవి. జనాన్ని పాడించే మనిషి జనం వైపే చూడాలి గనుక ఆమె తన జన్మలో చూసిన ఆట కంటే చూడని ఆటే ఎక్కువ. బంతి రింగులో పడిందో లేదో ఆమెకు ఎదుటి ముఖాలు చెప్పేవి. ఆ సాయంత్రం ఆ ముఖాలు ఏమీ చెప్పడం లేదు.

చివరికి దీపాలు ఆర్పేశారు.

"ఇక లేవాల్సిందేనక్కా," అన్నాడు ఎవారిస్తో, మెడలోంచి డోలు తీస్తూ. కుళాయిలు బాగుచేయడం అతని బతుకుతెరువు. మెట్ల మీద డోలు కొట్టడం అతని బతుకు. వంగి, రెయిలింగుకు కట్టిన గుడ్డ ముడి విప్పబోయాడు.

"ముట్టుకోకు."

"ఏంటి?"

"ఉండనీ. మనం వెళ్దాం. అది వెళ్ళదు."

"పిచ్చా అక్కా నీకు? గుడ్డ ఏనాడైనా బయట పడుకుందా?"

"ఈ మెట్లు మనవి కావనేవాడు దాని మొహం చూసి ఆ మాట అనాలి. దాని మీద చెయ్యి వేసే మొగాడు ఈ ఇటలీలో పుట్టాడా?"

"పుట్టి ఉండడు. అయినా నాకు నచ్చలేదు," అన్నాడు ఎవారిస్తో. కానీ ముడి వదిలేశాడు.

బయటివాళ్ళు దాన్ని బ్యానర్ అంటారు. మెట్ల మీదివాళ్ళకు అది గుడ్డ. బూట్ల లోపల వేసే ముదురెరుపు అస్తరు గుడ్డ మీద తెల్లని అక్షరాలతో "ఉత్తర మెట్లు" అని కుట్టి ఉంటుంది. అక్షరాలు కుట్టిన చేతుల్లో దెల్ఫీనావీ ఉన్నాయి. ఆటలకు వెళ్ళే ప్రతి ఊళ్ళోనూ ఆచారం ఒకటే: అభిమానుల గుంపు అంటే దాని గుడ్డే. అది పగవాళ్ళ చేతిలో పడిన రోజున గుంపు రద్దయిపోవాలి. ఆ పేరు మళ్ళీ పలకకూడదు, ఆ పేరు మీద డోలు మోగకూడదు. అందుకే ఆట కాగానే గుడ్డను మడిచి ఎవరో ఒకరు ఇంటికి తీసుకుపోతారు. ఈ సంగతి తెలియని మనిషి ఉంటాడని ఆమెకు తోచలేదు. ఆమె పొరపాటు అంతా అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున్నే మరెంజా నుంచి లారీలు వచ్చాయి. నేల మీది చెక్క పలకలు, రింగులు, స్కోరు బోర్డు, అన్నీ అమ్మకంలో భాగమే. సామాను ఎత్తేవాళ్ళు ఆటలకు వెళ్ళే మనుషులు కారు. వాళ్ళలో ఒకడు తాళ్ళు కోసి, గుడ్డను చక్కగా మడిచి, కిటికీల పరదాలతో కలిపి లారీలో పెట్టాడు.

ఎవారిస్తో షాపులోకి వచ్చేసరికి దెల్ఫీనా ఒక ముసలాయనకు దగ్గు మందు ఇస్తోంది.

"గుడ్డ పోయింది," అన్నాడు అందరి ముందే.

ఆమె మందు ఎప్పుడు తాగాలో, తాగాక ఏం తినకూడదో ముసలాయనకు పూర్తిగా చెప్పింది. చెప్పి, ఆయన తలుపు మూసుకుని వెళ్ళాక, బల్ల పట్టుకుని నిలబడింది.

ఆ వేసవి అంతా మొంతెరాల్దోలో ఎవరూ 'రద్దు' అన్న మాట పైకి అనలేదు. అంటే అయిపోతుందన్న భయం. ఈలోగా పాత కోచ్ అల్చెస్తే ఊరి పేరు మీద ఒక చిన్న జట్టును కూడగట్టి, అన్నిటికంటే కింది స్థాయి లీగులో చేర్పించాడు. రొట్టెలు కాల్చే అతను, పోస్ట్‌మన్, బడి మానేసిన పొడుగాటి అన్నదమ్ములు, అదీ జట్టు. ఆడేది బడి జిమ్‌లో. బంతిని కాస్త ఎత్తుగా విసిరితే పైకప్పుకు తగిలేది. అల్చెస్తే దగ్గర అన్నీ అరకొరగా ఉన్నాయి. పూర్తిగా లేనిది ఒకటే: ఆట రోజున వచ్చి కూర్చుని అరిచే మనుషులు. ఉత్తర మెట్లు వస్తే ఆ జట్టు బతుకుతుంది. రాకపోతే శీతాకాలం దాటదు. ఈ లెక్క దెల్ఫీనాకు స్పష్టంగా తెలుసు.

సెప్టెంబరులో మరెంజా నుంచి ఫోను వచ్చింది. జట్టు కొత్త యజమాని ఇంజనీరు వెల్లాని స్వయంగా మాట్లాడాడు. ఈ దేశంలో షాపులో మందులిచ్చేవాళ్ళనూ డాక్టరనే పిలుస్తారు.

"డాక్టరమ్మ గారూ, నమస్కారం. మీ బ్యానర్ మా దగ్గర భద్రంగా ఉంది. మావాళ్ళు తెలియక తెచ్చేశారు, ఏమనుకోకండి. అబ్బ, ఎంత మురికి పట్టి ఉందండీ! దగ్గరుండి ఉతికించాను."

"ఉతికించారా?"

"మంచి లాండ్రీలో. చిరుగులు కూడా కుట్టించాను. ఇప్పుడు కొత్తదానిలా ఉంది."

దెల్ఫీనా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ గుడ్డను ఎవరూ ఏనాడూ ఉతకలేదు. పరాయి ఊళ్ళ వానలు, బస్సుల్లో ఒలికిన వైను, అందరూ సిగరెట్లు మానేయకముందు పట్టిన పొగ, కప్పు గెలిచిన నాడు దాన్ని ముఖానికి అదుముకుని ఏడ్చినవాళ్ళ కన్నీళ్ళు, ఇవన్నీ అందులో ఉండేవి. అవతలి మనిషి గొంతులో కల్మషం ఏమీ లేదు. ఆమెను ఎక్కువ బాధపెట్టింది అదే.

"మా మొదటి ఆట మీ పాత శత్రువులు వాల్దోర్సాతో," అన్నాడు వెల్లాని. "టీవీవాళ్ళు వస్తారు. ఆటకు ముందు కోర్టు మధ్యలో బ్యానర్ మీ చేతికి నేనే ఇస్తాను. మీరు మా రెయిలింగుకు కట్టండి. ఇక ప్రతి ఆదివారం మీ ఊరికి బస్సులు పంపుతాను. జట్టు అదే, రంగులు అవే, పిల్లలూ వాళ్ళే. మారింది పిన్‌కోడు ఒక్కటే కదండీ."

"ఆలోచించి చెప్తాను ఇంజనీరు గారూ."

"ఇందులో ఆలోచించడానికి ఏముందండీ?"

"మీకేం లేదు. నాకుంది."

పేకాట క్లబ్బులో ఆ వారమే అందరూ కూడారు. బల్లల మీది పేకముక్కలు పక్కకు నెట్టి మాట్లాడుకున్నారు. మాట్లాడుకున్నారనడం కంటే కేకలు వేసుకున్నారనాలి.

"బస్సు ఊరికే వస్తుంటే ఎక్కడానికి ఏం రోగం?" అన్నాడు వెనకనుంచి ఒకడు. "లోరిస్ మన పిల్లాడు కాదా? వాణ్ణి అక్కడ ఒంటరిగా వదిలేస్తామా?"

"వాడు ఒంటరి ఏంట్రా, కారు చూశావా వాడిది?" అన్నారెవరో. నవ్వులు లేచాయి. లోరిస్ దెల్ఫీనా చెల్లెలి కొడుకు. జట్టులో ఈ ఊళ్ళో పుట్టినవాడు అతనొక్కడే. నవ్విన వాళ్ళు వెంటనే ఆమె వైపు చూసి ఊరుకున్నారు.

ఎవారిస్తో లేచాడు. "ఆచారం తెలిసి కూడా దాటవేస్తున్నాం. గుడ్డ పోయింది, గుంపు పోయింది. గుర్తు లేదా, వాల్దోర్సావాళ్ళ గుడ్డ పట్టుకొచ్చి మన రెయిలింగుకు తలకిందులుగా కట్టాం. దోచిన గుడ్డని తలకిందులుగానే కడతారు, చూసినవాడికి అర్థమవ్వాలని. ఇప్పుడు వాళ్ళని పాడించే ఫాస్కో అప్పటికి మీసాలు రాని కుర్రాడు. ఎదురుగా నిలబడి ఎలా ఏడ్చాడు! మర్నాడే వాళ్ళ గుంపు రద్దు చేసుకున్నారు. మళ్ళీ కొత్త పేరుతో మొదటినుంచి మొదలెట్టారు. వాల్దోర్సావాడికి ఉన్నపాటి సిగ్గు మనకి లేదా?"

"ఆ రోజు నేనూ నవ్వాను," అంది దెల్ఫీనా. గది సద్దుమణిగింది. "ఇప్పుడు నిదానంగా వినండి. వెల్లాని కాళ్ళు కొనుక్కున్నాడు, గొంతులు దొరకలేదు. మరెంజాలో చప్పట్లు కొట్టేవాళ్ళున్నారు, పాడేవాళ్ళు లేరు. మనం వెళ్ళి పాడామనుకోండి, టీవీలో దేశమంతా చూస్తుంది. జట్టు పోతే ఊరివాళ్ళు కూడా వెంట పోయారు, ఎవరికీ ఏ బాధా లేదు అనుకుంటుంది. అప్పుడు ఇంకో ఊళ్ళో ఇంకో బ్రందొలేసి ఇంకాస్త ధైర్యంగా అమ్ముతాడు. ఇక్కడ అల్చెస్తే ఖాళీ కుర్చీల ముందు ఆడించుకుంటాడు."

"అయితే రద్దు చేద్దామంటావు."

"ఇక్కడ తలుపులు మూసుకుని రద్దు చేస్తే ఎవరికి తెలుస్తుంది? గుడ్డ ఆయన దగ్గర ఉంది. రేపు నాలుగు గొంతులు తెచ్చి దాని వెనక నిలబెట్టి, ఇవే ఉత్తర మెట్లు అంటాడు. నేను మరెంజా వెళ్తాను. వచ్చేవాళ్ళు సొంత కార్లలో రండి. ఆయన బస్సు ఎక్కినవాడు ఆయన మనిషి."

"వెళ్ళి, లాక్కున్నవాడి చేతుల మీదుగా తెచ్చుకుంటావా?" అన్నాడు ఎవారిస్తో. "అది ఇంకా సిగ్గుచేటు కదక్కా?"

"తెచ్చుకుంటానని ఎవరన్నారు?"

అంతకు మించి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆటకు ముందు వారం లోరిస్ భోజనానికి వచ్చాడు. పెద్దమ్మ చేసే పొరల పాస్తా కోసం వచ్చానన్నాడు గానీ ప్లేటులో ఫోర్కు తిప్పుతూ కూర్చున్నాడు.

"నువ్వు వస్తున్నావని ఇంజనీరు గారు చెప్పారు. నిజమేనా పెద్దమ్మా?"

"నిజమే."

"అమ్మయ్య! నువ్వు మమ్మల్ని వెలివేస్తావేమో అనుకున్నా." ఊపిరి వదిలాడు. "నేనేం చెయ్యను చెప్పు. నా ఒప్పందం జట్టుతో. జట్టు ఎక్కడుంటే నేనక్కడ. ఈ కాళ్ళు ఇంకో పదేళ్ళు పనిచేస్తాయో లేదో."

"నిన్ను ఎవరేమన్నారు? తిను, చల్లారిపోతుంది."

"అక్కడ ప్రాక్టీసుకి జనం వస్తారు తెలుసా? బుద్ధిగా కూర్చుని చూస్తారు. ఒక్కడూ తిట్టడు. నేను తప్పు బంతి వేసినా తిట్టడు. భయమేస్తుంది."

దెల్ఫీనాకు నవ్వు వచ్చింది. అంతలోనే ఆ నవ్వు తగ్గిపోయింది. ఈ పిల్లాడికి మొదటి బంతి కొనిచ్చింది తనే. ఆదివారం తను చేయబోయే పనిని, ఆ స్టేడియంలో అందరికంటే ముందు, అందరికంటే బాగా అర్థం చేసుకునేవాడు వీడే.

"ఆదివారం ఏం జరిగినా నువ్వు బాగా ఆడాలి," అంది. "నిన్ను ఓడిపొమ్మని నేనెప్పుడూ అనను."

"ఏం జరుగుతుంది?"

"పాస్తా చల్లారిపోతుందన్నానా."

మరెంజా స్టేడియం కొత్తది. కుర్చీలకు మెత్తలున్నాయి, ఎక్కడా సిగరెట్టు వాసన లేదు. మొంతెరాల్దోవాళ్ళకు కేటాయించిన మెట్ల ముందు రెయిలింగు ఖాళీగా మెరుస్తోంది. ఎదుటి మూలన వాల్దోర్సా గుంపు అప్పుడే గోల మొదలుపెట్టింది. మొంతెరాల్దో ఆడవాళ్ళ గురించి ఒకటి, మగవాళ్ళ గురించి ఒకటి, పాడవలసిన పాటలన్నీ పాడుతోంది. ఆ తిట్లు వింటుంటే దెల్ఫీనాకు ఆ హాలులో తెలిసిన గొంతులు అవే అనిపించింది.

కోర్టు మధ్యలో వెల్లాని రెండు చేతులా గుడ్డను అందించాడు. కెమెరాలు దగ్గరకు వచ్చాయి. సబ్బు వాసన గుప్పుమంది. ఎరుపు కాస్త వెలిసిపోయింది.

"ఒక్క మాట మాట్లాడండి డాక్టరమ్మ గారూ," అన్నాడు మైకు అందిస్తూ.

"కట్టాక," అంది.

ఎవారిస్తో ఒక కొస, ఆమె ఒక కొస పట్టుకుని రెయిలింగు దగ్గరకు వెళ్ళారు. అతని కళ్ళలో నీళ్ళు. ఆమె తన కొసను కింది అంచు పైకి వచ్చేలా తిప్పి ముడి వేసింది.

"అక్కా, తలకిందులైంది."

"అవును. కట్టు."

"తలకిందులైందక్కా!"

"నాకు కళ్ళు బాగానే ఉన్నాయి ఎవారిస్తో. దోచినదాన్ని ఎలా కడతారో నువ్వే కదా చెప్పావు. కట్టు."

అతని చేతులు ఆగాయి. ఆ తర్వాత, కుళాయి బిగించేవాడి బలమంతా పెట్టి, ఇక ఎవరూ విప్పలేని ముడి వేశాడు.

మరెంజా జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. కొందరు, పాపం పెద్దావిడ కంగారులో తిప్పి కట్టింది అని నవ్వుకున్నారు. వాల్దోర్సా మూలన మాత్రం పాట మధ్యలో తెగిపోయింది. దోచినవాళ్ళు గుడ్డను తలకిందులుగా కట్టడం వాళ్ళకు తెలుసు. సొంతవాళ్ళే వచ్చి, దోచినవాడి ఇంట్లో, దోచినవాడి కళ్ళముందు తమ గుడ్డను అలా కట్టడం ఈ దేశంలో ఎవరూ చూడలేదు. ఫాస్కో చెయ్యి పైకెత్తి తన డోళ్ళను ఆపించాడు.

దెల్ఫీనా కోర్టు వైపు తిరిగింది. ఆటగాళ్ళంతా చప్పట్లు కొడుతున్నారు, ఒక్కడు తప్ప. లోరిస్ బంతిని పొట్టకు అదుముకుని నిలబడి ఉన్నాడు. ఆమె చూపు తప్పించలేదు, అతనూ తప్పించలేదు. కాసేపటికి అతను తల దించుకున్నాడు. తర్వాత తలెత్తి, బంతిని రెండుసార్లు నేలకు కొట్టి, తన స్థానంలోకి వెళ్ళాడు. ఆడబోతున్నాడు. ఆమె చెప్పింది కూడా అదే కదా.

"పదండి," అంది మెట్ల వైపు తిరిగి. కూర్చోకుండానే అందరూ కదిలారు.

వెల్లాని గుమ్మం దగ్గర అందుకున్నాడు. "డాక్టరమ్మ గారూ, వెళ్ళిపోతున్నారేంటి? బ్యానర్ తిరగబడింది, అంతేగా, మావాళ్ళతో సరిచేయిస్తాను."

"చేయించుకోండి. చదువుకోవడానికి మీకు తేలిగ్గా ఉంటుంది."

"నాకు అర్థం కావడం లేదు. మీ బ్యానర్ మీకు గౌరవంగా ఇచ్చాను కదా?"

"గౌరవంగానే ఇచ్చారు. ఇందాకటితో ఉత్తర మెట్లు అనేవి లేవు ఇంజనీరు గారూ. అది ఇప్పుడు ఉత్త గుడ్డ. శుభ్రంగా ఉతికిన గుడ్డ. దాని కింద ఎవర్ని నిలబెట్టినా, తెలిసినవాళ్ళు నవ్వుతారు." ఆమె ఆగి, న్యాయంగా ఉండాలనిపించి, ఒక మాట చేర్చింది. "లోరిస్‌ని బాగా చూసుకోండి. వాణ్ణి అప్పుడప్పుడు ఎవరైనా తిట్టాలి."

కార్లు నిలిపిన చోట ఎవరూ కారెక్కలేదు. చావు ఇంటి నుంచి బయటికొచ్చిన వాళ్ళలా గుమిగూడి నిలబడ్డారు. ఎవారిస్తో డోలును వొళ్ళో పెట్టుకుని తన బండి మెట్టు మీద కూర్చున్నాడు. అప్పుడు స్టేడియం పక్క తలుపు తోసుకుని ఫాస్కో వచ్చాడు. ఇప్పుడతనికి నెరిసిన మీసాలు.

"ఏయ్ మాత్రలమ్మా!" ముప్పయ్యేళ్ళుగా అతను ఆమెను పిలిచే పేరు అదే. "నీ గుడ్డని నువ్వే చంపుకున్నావా?"

"చంపలేదు. చచ్చిందని చెప్పాను."

"వారం రోజులు కూర్చుని నీ మీద కొత్త పాట కట్టాం. సగం కూడా పాడలేదు. ఇప్పుడెవరి మీద పాడమంటావ్?"

"లోపల మనుషులున్నారుగా. వాళ్ళని తిట్టండి."

"వాళ్ళనా? తిడుతుంటే చప్పట్లు కొడుతున్నారు!"

మొంతెరాల్దోవాళ్ళలో ఎవరో ఫక్కున నవ్వారు. అది మిగతావాళ్ళకు అంటుకుంది.

"శనివారం మా బడి జిమ్‌కి రండి," అంది దెల్ఫీనా. "మా సెంటర్ ఆటగాడు రొట్టెలు కాలుస్తాడు. వాడి పొట్ట మీద ఎన్ని పాటలైనా కట్టుకోవచ్చు."

"పెద్ద లీగు వాళ్ళం, బడి జిమ్‌కి వస్తామా?"

"భయమైతే మానెయ్."

ఫాస్కో మీసం సవరించుకున్నాడు. "శనివారం ఎన్నింటికి?" అని అడిగి, జవాబు వినగానే తిట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

దెల్ఫీనా ఎవారిస్తో దగ్గరకు వెళ్ళింది. "డోలు కొట్టు."

"ఏ పేరు మీదక్కా? ఆచారం ఒప్పుకోదు."

"ఆచారం గుంపుకి. ఊరు రద్దు కాలేదు. ఊరి పేరు మీద కొట్టు."

అతను ఆ మాటను కాసేపు తూచి చూశాడు. అందులో తప్పేమీ కనిపించలేదు. డోలు మెడలో వేసుకుని కొట్టాడు. మొదట బెరుకుగా; తర్వాత అందరూ గొంతు కలిపారు. పాటలో ఉత్తర మెట్లు అనే చోట నాలుక తడబడి ఆగి, మొంతెరాల్దో అని సరిదిద్దుకున్నారు. ఆ సరిదిద్దుకోవడంలో పాట నడక చెడింది. ఎవరూ పట్టించుకోలేదు.

కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు. "ఆపండి! లోపల ఆట జరుగుతోంది, టీవీలో వినబడుతోందట. ఎవరు మీరు? ఏ గుంపు?"

"ఏ గుంపూ కాదు నాయనా. మొంతెరాల్దో."

"ఎవరైనా సరే, ఇది స్టేడియం స్థలం. ఇక్కడ డోలు కొట్టకూడదు."

"స్టేడియం స్థలం ఎక్కడిదాకా?"

అతను ఆలోచించి, రోడ్డు అంచున ఉన్న రాతి గట్టు చూపించాడు. దెల్ఫీనా ధన్యవాదాలు చెప్పి, ఆ గట్టు దాటి, రోడ్డు మీద నిలబడి, స్టేడియానికి వీపు పెట్టి తన జనం వైపు తిరిగి చెయ్యెత్తింది.